రంగు కింది రేకు

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు మిరప వచ్చే కాలంలో తెల్లవారకముందే బండ్ల బారు మొదలవుతుంది. లారీలు, ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, పికప్పులు ఒకదాని వెనుక ఒకటి యార్డు ద్వారం దాకా నిలుస్తవి. బస్తాల మీద ఉన్న చూపు వాటిని మోసుకువచ్చిన బండి మీద ఎవరికీ ఉండదు. సరుకు దిగుతుంది, కాంటా అవుతుంది, పైకం లెక్కకు వస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే తొట్టిలోకి ఎరువుల బస్తాలు ఎక్కుతవి. చిరిగిన బస్తానుండి జారిన గుప్పెడు పొటాషు రేకుల అతుకులోకి చేరి, తేమను పీల్చుకొని, ఒక వాన పడేసరికి ఉప్పునీరై ఇనుమును తినటం ఆరంభిస్తుంది. పైన రంగు మాత్రం చెక్కుచెదరదు. రైతు ఎరుగడు, డ్రైవరు ఎరుగడు, యజమాని అసలే ఎరుగడు. కొన్నేళ్లకు ఒకనాడు వేలితో నొక్కితే ఆ చోట రేకు అప్పడం వలె విరుగుతుంది.

పైన పటారం, లోన లొటారం అన్న సామెతను మన పెద్దలు మోటారు బండ్లు రాకముందే పుట్టించి ఉంటారు గాని, పాత పికప్పు తలుపు అడుగుభాగం చూసి చెప్పినా అంతకంటే బాగా చెప్పగలిగేవారు కారు. పాత వాహనాలను బాగుచేయించి నిలుపుకోవాలన్న ఉత్సాహం ఈనాడు చాలామందిలో కనిపిస్తున్నది. మంచిదే. కాని ఆ ఉత్సాహంలో ఈ లొటారం సంగతే మరుగున పడుతున్నది.

మన దేశపు దారుల మీద తిరిగిన పాత సరుకు బండ్ల చరిత్ర చిన్నది కాదు. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో వాహనాల కూర్పు ప్రారంభించి 1954లో మానుకొన్నారు. మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను కూర్చటం మొదలుపెట్టారు. 1954లో జంషెడ్‌పూరులో టాటా వారి మెర్సిడెస్ బెంజ్ లారీ బయటికి వచ్చింది. ఆ తరం బండ్లలో మిగిలినవి బహు కొద్ది. కోళ్లగూడుగానో, పంపుసెట్టు కొట్టం పక్కన కట్టెలు పేర్చుకొనే చోటుగానో మారి, చక్రాలు లేకుండా ఏ చింతచెట్టు కిందనో కూర్చున్నవే ఎక్కువ. నిజాం కోసం తయారైన 1912 నాటి రోల్స్ రాయిస్ కారు బాగుపడి హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు దర్శనమిస్తున్నది. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైన నిజాం రాష్ట్ర రోడ్డు రవాణా శాఖ నాటి ఆల్బియన్ బస్సు ఒకటి కూడా హైదరాబాదులో భద్రపరచబడింది. రాజు కూర్చునే బండికీ, ప్రజలు కూర్చున్న బండికీ ఆదరణ లభించింది. మిరప బస్తాలు కూర్చున్న బండికి ఆ భాగ్యం అరుదు.

కనుక అటువంటి పికప్పు ఒకదానిని బాగుచేయించటానికి ఎవరైనా పూనుకొంటే ముందుగా అతనిని అభినందించవలసినదే. అభినందించిన తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. పనివానికి డబ్బు ఏ రోజున లెక్కకట్టి ఇస్తాడు? సాధారణంగా రంగు ఆరి, బండి ఎండలో తళతళలాడిన రోజున. అసలు పొరపాటు అక్కడే ఉన్నది. బండిని చూడవలసిన రోజు అది కాదు. ప్రైమరు కొట్టటానికి ముందు రోజు.

ఈ మాటలో అతిశయోక్తి లేదని తెలియాలంటే పాకలో జరిగే పనిని కొంత ఓపికతో చూడాలి. బండి రాగానే తలుపులు, మడ్‌గార్డులు, బానెట్టు, తొట్టి విడివిడిగా విప్పి, పాత రంగును పొరలు పొరలుగా గీకి, నగ్నమైన రేకు దాకా పోతారు. ఆ పొరలలోనే బండి జాతకం ఉంటుంది. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున కర్మాగారంలో వేసిన రంగు. నడుమ ఎక్కడో, ఏనాటి ప్రమాదానికి గుర్తుగానో, వేలెడు మందాన లప్పం. 1950ల ప్రాంతంలో ప్లాస్టిక్ లప్పం వాడుకలోకి వచ్చేదాకా సొట్టలను సీసం కరిగించి పూడ్చేవారు గనుక గీకేవానికి ఒక్కొక్కచోట సీసమూ తగులుతుంది. ఆనాటి ఎర్ర ప్రైమర్లలో సిందూరం, అనగా సీసపు భస్మమే, ఉండేది. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితో లోపలికి పోయి రక్తంలో కలుస్తుంది. పిల్లల మెదడుకు అది మరింత కీడు. ముక్కుకు రుమాలు కట్టుకోవటం దీనికి రక్షణ కాదు. పాత రంగును తడిపి గీకాలి, రాలిన దానిని ఊడ్చక తడిగుడ్డతో ఎత్తివేయాలి, తగిన ముసుగు పెట్టుకోవాలి. పాకలలో పని నేర్చుకొనే కుర్రవాండ్లకు ఈ సంగతి చెప్పేవారు తక్కువ.

తరువాత కోత. తుప్పు పట్టిన చోట పైపైన రుద్ది ఊరుకొంటే ప్రయోజనం లేదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు పొంగి, మునుపటికంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా దానిని తోసుకొని బయటికి వస్తుంది. గట్టి రేకు తగిలేదాకా కోసి పారవేయవలసినదే. అరచేతి మేర అనుకొన్న మచ్చ కోయగా కోయగా జానెడై, మూరెడైనప్పుడు యజమాని గుండె గుభేలుమంటుంది. ఆ సమయంలో పనివాడు అతని కంటికి శత్రువు వలె కనిపిస్తాడు.

పాత బండికి అంగడిలో విడి రేకులు దొరకవు. అందుచేత అట్టముక్క మీద ఆకారం గీసుకొని, కొత్త రేకు కత్తిరించి, ఇసుకసంచి మీద చెక్కసుత్తితో కొట్టి వంపు తేవాలి. దానిని అతకటం మరొక విద్య. సుమారు ఒక మిల్లీమీటరు మందం గల రేకు వేడికి సాగి, చల్లారేటప్పుడు ముడుచుకొంటుంది. ఒక కొసనుండి మరొక కొసకు ఏకబిగిన వెల్డింగు లాగితే తలుపంతా అలలు తేలుతుంది. కనుక ఇక్కడ ఒక చుక్క, దూరంగా మరొక చుక్క పెట్టి, రేకును చల్లారనిచ్చి, మళ్లీ నడుమన ఒక చుక్క. ఇలా గంటల తరబడి సాగించాలి. ఆపైన వెనుకవైపు ఇనుప దిమ్మె ఆనించి ముందునుండి చిన్న సుత్తితో తడుతూ ఎత్తుపల్లాలు సరిచేయాలి. దెబ్బ గట్టిగా పడితే రేకు సాగిపోతుంది. సాగినదానిని మరల వేడిచేసి, చల్లార్చి, ముడిపించాలి. ఎంత సరిపడిందో తెలుసుకోవటానికి అనుభవజ్ఞుడు కంటిని నమ్మడు. రేకు మీద పలుచని గుడ్డ పరచి, దానిమీద అరచేతిని పొడవునా జరుపుతాడు. గుడ్డ రాపిడిని తగ్గించి ఎత్తునూ పల్లాన్నీ మాత్రమే వేళ్లకు అందిస్తుంది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఉక్కు ముద్దలు తీసి పారసీక వర్తకులకు అమ్మిన వారి గడ్డ మీద ఇటువంటి చేతులు ఉండటం వింత కాదు. వాటిని లెక్కలోకి తీసుకోకపోవటమే వింత.

ఇంత చేసిన తరువాత కూడా రేకు మీద చిన్న చిన్న పల్లాలు మిగులుతవి. వాటికి పలుచగా లప్పం పెట్టటం దోషం కాదు. దోషమల్లా తూటు మీద జాలీ ముక్కనో గుడ్డపేలికనో అతికించి దానిమీద లప్పంతో కొండ కట్టటం. లప్పంలో ఉండే సుద్దవంటి పొడి నీటిని పీల్చుకొంటుంది. తడి వెనుకనుండి చేరితే రెండు వానాకాలాలు గడిచేలోగా బుడగ లేస్తుంది, పెళ్ల ఊడిపడుతుంది. అప్పుడు యజమాని నిందించేది రంగు డబ్బాను.

ప్రైమరు విషయంలో ఉన్న అపోహ ఇంకా గట్టిది. అసలు రంగుకు ముందు పూసే చవక రంగే ప్రైమరు అని చాలామంది నమ్మకం. నిజానికి దానికి రెండు పనులున్నవి, ఆ రెండూ ఒకే డబ్బా చేయదు. రేకును అంటిపెట్టుకొని తేమను రానీయకుండా కాపాడేది ఒకటి. గీతలనూ సన్నని గుంటలనూ పూడ్చి రంగుకు చదునైన పీట వేసేది మరొకటి. మొదటి పనికి ఎపాక్సీ ప్రైమరు మేలు. లప్పాన్ని దాని మీద పెట్టవచ్చును. రెండవ రకపు ప్రైమరు పొర సన్నని రంధ్రాలు గలది, నీటిని ఆపదు. డబ్బు చాలక బూడిదరంగు ప్రైమరుతోనే నెలల తరబడి బండిని తిప్పి, తరువాత దానిమీదనే రంగు కొట్టించేవారు తుప్పును లోపల పెట్టి తలుపు వేసినవారే అవుతారు.

ప్రైమరుకు ముందు రేకును ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుడిచే పద్ధతి కూడా ఉన్నది. దానివల్ల ఇనుము మీద ఫాస్ఫేటు పొర ఏర్పడుతుంది. ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు పదహారు వందల ఏళ్లుగా తుప్పుకు లొంగకపోవటానికి ఆ ఇనుములో హెచ్చుగా ఉన్న భాస్వరమూ, దానివల్ల పైన ఏర్పడిన ఫాస్ఫేటు పొరా ముఖ్యకారణాలని కాన్పూరు ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు వివరించినవి. రసాయన శాస్త్రపు పాఠంలో తుప్పు పట్టిన మేకును చూపి ఊరుకొనే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కాలం కూడా కలిసిరావాలి. వానాకాలంలో ఉదయం గీకిన రేకుకు మరునాటికి ఎర్రని చాయ తిరుగుతుంది. చెమట చేతితో తాకితే వేలిముద్ర తుప్పై తేలుతుంది. వరంగల్లు మే నెల ఎండలో పిచికారీ నుండి వెలువడిన తుంపర రేకును చేరకముందే సగం ఎండి, ఇసుక చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది. ఈ పనికి అనువైనది చలికాలం. తీరా పత్తీ, ఆ వెనుకనే మిరపా మార్కెట్టుకు వచ్చేది ఆ నెలలలోనే. బండి నిలిస్తే కిరాయి పోతుంది. ఏ పాకలోనైనా వినిపించే సంభాషణ ఇది: “అన్నా, పైకి కొత్తగ కొడితె చాలు, లోపల ఎవరు చూస్తరు?” అని యజమాని, “ముందుగాల రేకు చూడనియ్యి సారూ, అటెన్క రేటు మాట్లాడుదం” అని పనివాడు. మొదటి మాట ఎక్కువగా నెగ్గుతుంది, ఏలనంటే పైకం మొదటివాని చేతిలో ఉన్నది. కోతకూ అతుకుకూ పట్టిన పది రోజులకు రాని కూలి, మెరుగు పట్టిన ఒక్క పూటకు వస్తే పనివాడు మెరుగే నేర్చుకొంటాడు. కొట్టివేసిన తప్పులను చూడక శుభ్రప్రతికి మాత్రమే మార్కులు వేసిన ఉపాధ్యాయునికి ఈ పరిణామం కొత్త కాదు.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. యాభై ఏళ్లు దాటి, చట్రంలోనూ బాడీలోనూ ఇంజనులోనూ గణనీయమైన మార్పు లేకుండా మూలరూపంలో ఉన్న సొంత వాహనాలను ‘వీఏ’ అక్షరాలతో నమోదు చేయవచ్చును. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు; నిత్య ప్రయాణానికి గాని వ్యాపారానికి గాని వాటిని వాడరాదు. మరుసటి నెలలోనే పాత వాహనాలను తుక్కు చేసే విధానమూ ప్రారంభమైంది. ఒక చేయి దాచుకొమ్మంటున్నది, రెండవ చేయి తూకానికి వేయమంటున్నది. ఏ బండి ఎటు పోవాలో తేల్చేది మూలరూపం అన్న మాట. ఆ మాటకు అర్థం రంగు మీద తేలదు. పాత రేకులో ఎంత మిగిలింది, కొత్త రేకు ఎక్కడ పడింది, ఎందుకు పడింది అన్నవి రేకు నగ్నంగా ఉన్నప్పుడే కనిపిస్తవి. మితిమీరిన కోత కూడా చేటే. అన్నీ మార్చి పాత బండి పేరు మాత్రం నిలిపితే అది కొత్త బండే.

రోజు కిరాయికి పోయి వచ్చే పికప్పుకు ఇంత తతంగం ఎందుకని అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పిల్లల ఫీజులకూ, బండి కిస్తులకూ నడుమ నలిగే మనిషికి లప్పంతో మరొక సంవత్సరం గడిపే హక్కున్నది. అతను అడగవలసినది ఒకటే, లోపల ఏమి చేశారో దాచకుండా చెప్పమని. వంశపారంపర్యపు బండి అనో, పాతకాలపు ముచ్చట అనో లక్షలు వెచ్చించేవారి సంగతి వేరు. వారు ప్రైమరుకు ముందు రోజు పాకకు రావాలి. ప్రతి అతుకునూ చేతితో తడిమి, ఫోటోలు తీయించి, ఏది కోసినదీ ఏది నిలిపినదీ ఒక పుస్తకంలో రాయించి, కూలిలో పెద్ద భాగాన్ని ఆ రోజే ఇవ్వాలి. రంగు కొట్టినవాని వాటా తరువాత ఎట్లాగూ దక్కుతుంది.

ఐటీఐలలో మోటారు బాడీ మరమ్మతుకూ, రంగు పనికీ వేరువేరు కోర్సులున్నవి. పదవ తరగతి తరువాత ఏమిటని అడిగే విద్యార్థికి ఆ పేర్లు చెప్పేవారు బడులలో అరుదు. చదువు రానివాడే సుత్తి పడతాడన్న తలంపు దీనికి కారణం కావచ్చును. అట్టముక్క మీద గీసిన ఆకారం రేకై వంగేటప్పుడు ఎంత క్షేత్రగణితం పని చేస్తున్నదో, ఎనుమాముల పక్కనున్న బడి పిల్లలను ఒక సాయంత్రం పాకకు నడిపించుకుపోయిన మాస్టారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రం గీకిన తలుపు బల్ల మీద వెల్లకిల పడుకొని ఉంటుంది. పాత రేకు నల్లగా, కొత్త రేకు తెల్లగా, నడుమ వెల్డింగు గీత నీలంగా తేటతెల్లమవుతవి. పిల్లలు చేతులు తుడుచుకొని, పలుచని గుడ్డ మీదుగా తడిమి చూడవచ్చును. మరునాడు ఉదయం మంచు విడగానే ప్రైమరు కొట్టేస్తారు.