ఒకటో నంబరు పుస్తకం ముందే చదవాలా?

మా పాపకు నార్నియా పుస్తకాల సెట్టు తెప్పించినాము. ఏడు పుస్తకాలు, అట్టల మీద నంబర్లు. ఒకటో నంబరు 'ది మెజీషియన్స్ నెఫ్యూ'. పాప ముప్పై పేజీలు చదివి పక్కన పెట్టేసింది. తప్పు పాపది కాదు, ఆ నంబరుది అని మా వాదన.

సి.ఎస్. లూయిస్ ఆ పుస్తకం అచ్చేసింది 1955లో, వరసలో ఆరోది. మొదటిది 1950లో వచ్చిన 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. 1994లో హార్పర్‌కాలిన్స్ వాళ్లు అమెరికా ప్రచురణలో కథ జరిగిన కాలం ప్రకారం నంబర్లు మార్చినారు. లెక్కకు బాగానే ఉంది. కానీ లూసీ బీరువాలో దూరి అవతల తేలితే, మంచు కురిసే అడవి నడుమ ఒక వీధిదీపం వెలుగుతుంటుంది. అడవిలో దీపం ఎవరు పెట్టినారబ్బా? ఆ ప్రశ్నకు జవాబు ఆరో పుస్తకంలో ఉంది. జవాబు ముందే చదివినవాళ్లకు అది ఉత్త స్తంభం.

1957లో ఒక అబ్బాయి కాలం వరసే మేలంటే, లూయిస్ ఆ అబ్బాయి వైపే మొగ్గుతూ జాబు రాసినాడు. ఏ వరసైనా పెద్ద తేడా లేదేమో అని కూడా అన్నాడు. రాసినాయనే అన్నాక మీదేముంది అంటారా? మాది టెస్టింగ్ పని. తయారుచేసినవాళ్లకు లోపలిదంతా తెలుసు, ఎటు నుంచి పోయినా వాళ్లకు దారే. మొదటిసారి తెరిచేవాడికి ఎట్లుంటుందో చూసేది మేము.

అంత దూరమెందుకు, మన భారతమే చూడండి. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయినాడు. తిక్కన విరాటపర్వం పట్టుకొని చివరిదాకా పోయినాడు. ఆ మిగిలిన భాగం ఎర్రన తర్వాతెప్పుడో పూరించినాడు. మా బళ్లారి పక్క వానలు రాకపోతే విరాటపర్వం చదివించేవాళ్లు. కన్నడ మీడియంలో చదివిన మాకు తెలుగు అక్షరాలు నేర్పిన అవ్వ కూడా భారతం అక్కడి నుంచే చెప్పింది. వంటింట్లో ఈ వలలుడెవడు, ఎందుకు దాక్కున్నాడు అని మేము గునిస్తేనే జూదం కథకు పోయేది. ఆదిపర్వం నుంచి మొదలుపెట్టి ఉంటే వంశాల పేర్లకే నిద్రపోతుంటిమి.

ఇంటి కథా అంతే. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయినాయి, అందుకే మనం ఇక్కడ అని మొదలుపెడితే పిల్లలు ఫోన్ తీస్తారు. మొన్న పాప స్నానాల గదిలో రాగి అండా మీది తెలుగు పేరు వేలితో తడిమి, "ఇదెవరు?" అనింది. ఆ రాత్రి పదకొండు దాకా అవ్వ చెబుతానే ఉంది.

నార్నియా రెండో నంబరు పుస్తకం ఇప్పుడు పాప దిండు కింద ఉంది. ఒకటోది అటక మీద పెట్టినాము, అడిగినప్పుడు దింపుతాము.