సతీర్థ్యులు

తరగతి గదిలో పాఠం ముగిసిన తరువాత "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అధ్యాపకుడు అడగడం పరిపాటి. ఆ ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం మౌనమే. అధ్యాపకుడు గది దాటి నాలుగడుగులు వేశాడో లేదో ఆ మౌనం బద్దలవుతుంది. "ఆ నాలుగో స్టెప్పు ఎట్లొచ్చిందిరా?" అని ఒకరు అడుగుతారు. "నాకూ అదే తెలియలేదు" అని మరొకరు అంటారు. వరండాలో మొదలైన ఆ చర్చ సైకిళ్ల దగ్గరికి, అక్కడి నుండి బస్టాండుకు, బస్టాండు నుండి రైలు పెట్టెలోకి సాగిపోతుంది. ఇరవై అయిదేళ్లకు పైగా పాఠాలు చెబుతున్న నాకు ఒక విషయం స్పష్టమైంది. విద్యార్థికి సందేహాలు లేకపోవడం కాదు, వాటిని బయటపెట్టడానికి తగిన చోటు లేకపోవడమే అసలు లోపం. కఠినమైన పాఠ్యాంశాలను విద్యార్థులే ఒకచోట కూర్చుని చర్చించుకునే అభ్యాస గోష్ఠులను, వాటిని ముందు దాటిన సీనియర్ విద్యార్థుల నాయకత్వంలో, ప్రతి జూనియర్ కళాశాలలోనూ నెలకొల్పాలని నా అభిప్రాయం.

ఇది కొత్త ఆలోచన కాదు. మన భాషలో దీనికి ఎంతో పాత పేరు ఉంది. ఒకే గురువు వద్ద చదువుకున్నవారిని 'సతీర్థ్యులు' అంటారు. సాందీపని మహాముని వద్ద విద్య నేర్చిన శ్రీకృష్ణుడు, కుచేలుడు సతీర్థ్యులు. ఈ మాటలోని 'తీర్థం' అనే పదానికి గురువు అనే అర్థంతోపాటు నదిలోకి దిగే రేవు అనే అర్థం కూడా ఉంది. ఏరు దాటవలసిన బాటసారికి దారి చెప్పగలిగినవాడు ఎవరు? అదే రేవులో నిన్న దిగి ఆవలి గట్టుకు చేరినవాడు. నీళ్లు ఎక్కడ లోతో, కాలు ఎక్కడ జారుతుందో అతనికి ఇంకా జ్ఞాపకం ఉంటుంది.

విద్యను మన పెద్దలు నాలుగు పాదాలుగా విభజించారు. ఒక పాదం గురువు వలన, ఒక పాదం సొంత బుద్ధి వలన, ఒక పాదం తోటి విద్యార్థుల వలన లభిస్తుందనీ, చివరి పాదం కాలక్రమంలో అలవడుతుందనీ వారి భావన. మన కళాశాలల టైంటేబుల్‌ను ఒకసారి పరిశీలించండి. గురువు చెప్పే పాదానికి అందులో గంటలున్నాయి. సొంత బుద్ధిని కొలవడానికి పరీక్షలున్నాయి. కాలం నేర్పేది కాలమే నేర్పుతుంది. మూడవ పాదానికి మాత్రం ఎక్కడా చోటు లేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విద్యార్థులకు ఈ విషయంలో గర్వించదగిన చరిత్ర ఉంది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలూ రెండు వందల ఏళ్ల క్రితం బళ్లారి జిల్లాలో అంతర్భాగాలు. అనంతపురం జిల్లా ఏర్పడినది 1882లో. అంతకు ముందు, 1822లో, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన నివేదిక సమర్పించాడు. 1816లో తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం ప్రచురించిన పండితుడు ఇతడే. జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని ఆయన లెక్క తేల్చాడు. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చదువు చెప్పడం, చెబుతూ తమ జ్ఞానాన్ని తామే గట్టిపరచుకోవడం ఆ వీధిబడులలో ఆయన గమనించాడు. ఆ పద్ధతి మెచ్చదగినదనీ, ఇంగ్లండు దానిని అనుకరించడం తగినదేననీ రాశాడు.

ఇంగ్లండుకు ఆ పద్ధతి ఎలా చేరిందో తెలుసుకోవడం ఆసక్తికరం. ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలకు పర్యవేక్షకుడయ్యాడు. సమీపంలోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూసి, తన పాఠశాలలోనూ ఆ పద్ధతి ప్రవేశపెట్టాలనుకున్నాడు. అది సాధ్యం కాదని అక్కడి ఉపాధ్యాయుడు తోసిపుచ్చాడు. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ల బాలుడొకడికి ఆ పని అప్పగించాడు. పెద్దవాడు కాదన్న పనిని ఆ పిల్లవాడు చేసి చూపించాడు. ఆ అనుభవాన్ని బెల్ 1797లో లండనులో పుస్తకంగా ప్రచురించాడు. అది 'మద్రాసు పద్ధతి'గా పేరు పొందింది. మన వీధి అరుగుల మీది చదువు సముద్రాలు దాటిన కథ ఇది.

తోటివారి మాట ఎందుకు తలకెక్కుతుందో ఒక సంఘటన నాకు నేర్పింది. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన కళాశాలలో, పల్లెల నుండి తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివి వచ్చిన కొందరు పిల్లలు మొదటి సంవత్సరం గణితంలో వరుసగా తప్పుతూ ఉండేవారు. వారికి పునాది లేదని మేము తీర్మానించుకున్నాం. ఒక మధ్యాహ్నం, అదే మార్గంలో వచ్చిన రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె వారిని వేపచెట్టు కింద కూర్చోబెట్టుకుని మాట్లాడుతోంది. నేను దూరం నుండి విన్నాను. పుస్తకంలో పదే పదే కనిపించే 'ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్' అనే మాట దగ్గరే వారు ఆగిపోతున్నారని ఆమె రెండు నిమిషాల్లో పట్టుకుంది. ఎందుకంటే నిరుడు తానూ అక్కడే ఆగిపోయింది.

"వాన పడితే చెరువు నిండుతుంది అంటే ఏమప్పా? వాన పడితే చాలు, చెరువు నిండినట్లే. వాన పడితేనే చెరువు నిండుతుంది అంటే? వాన లేకుండా నిండదు అని. ఈ రెండూ నిజమైతే ఆ మాట వాడతారు" అని ఆమె చెప్పింది. పిల్లల ముఖాలు వికసించాయి. 'అయితే' అనడానికీ 'అయితేనే' అనడానికీ మధ్య ఉన్న ఆ ఒక్క అవధారణార్థకాన్ని ఏళ్ల తరబడి వ్యాకరణంలో బోధిస్తున్న నాకు, అది గణితానికి తాళంచెవి కాగలదని తోచలేదు. గణితం బోధించే నా మిత్రుడికి అక్కడ ఒక తాళం ఉన్నదనే తెలియదు. బాగా తెలిసినవాడు తనకు తెలియని రోజును మరచిపోతాడు. నిన్ననే నేర్చినవాడికి ఆ రోజు ఇంకా జ్ఞాపకం ఉంటుంది. సతీర్థ్యుడి బలం అంతా ఆ జ్ఞాపకంలోనే ఉంది.

ఈ బలాన్ని ఒక క్రమపద్ధతిలో వినియోగించుకున్న విశ్వవిద్యాలయాలున్నాయి. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఉన్న మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1973లో డియానా మార్టిన్ అనే విద్యావేత్త ఇటువంటి కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఆ పాఠ్యాంశంలో అంతకుముందే ఉత్తీర్ణుడైన విద్యార్థి మళ్లీ తరగతికి హాజరై, తరువాత తోటివారితో అభ్యాస గోష్ఠి నడుపుతాడు. ఆ పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది ఒక సూక్ష్మం. 'వెనుకబడిన విద్యార్థులు' అని ఎవరినీ వేరు చేయరు. 'కఠినమైన పాఠ్యాంశం' ఏదో దానిని గుర్తిస్తారు. ముద్ర పాఠానికి పడుతుందే గాని పిల్లవాడికి పడదు. అందుచేత బాగా చదివేవారూ వస్తారు, తడబడేవారూ వస్తారు. తడబడేవారికి సిగ్గు ఉండదు. మన కళాశాలల్లో తప్పినవారిని మాత్రమే వేరుచేసి కూర్చోబెట్టే ప్రత్యేక తరగతులకు పిల్లలు ఎందుకు ముఖం చాటేస్తారో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ ప్రతిపాదనకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది తల్లిదండ్రుల ఆక్షేపణ. "మా పిల్ల చదువు మా పిల్ల చదువుకోవాలి గాని ఇతరులకు చెబుతూ కూర్చుంటే ర్యాంకు ఏమవుతుంది?" అని వారి ఆందోళన. దానికి సమాధానం క్యాంప్‌బెల్ నివేదికలోనే ఉంది. చెప్పినవాడి చదువు చెప్పడం వలన గట్టిపడుతుంది. అంతేకాదు, ఇంటర్మీడియట్‌లో ఒకరు ఉత్తీర్ణులైతే మరొకరి మార్కులు తగ్గవు. ప్రవేశ పరీక్షల పోటీని స్నేహితుల మధ్యకు లాక్కువచ్చి నోట్సు పుస్తకాన్ని దిండు కింద దాచుకోవడం నేర్పుతున్నది మన పెద్దల భయమే.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. తెలిసీ తెలియని విద్యార్థి తప్పు చెబితే ఎవరు దిద్దాలి? పాఠాన్ని బట్టీ పట్టించడమే నేర్పితే ఏమి ప్రయోజనం? ఈ ప్రమాదం నిజమైనదే. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడాన్ని మెచ్చుకున్న క్యాంప్‌బెలే, ఆ బడులలో పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని విమర్శించాడు. ప్రాచీన సాహిత్యాన్ని ప్రేమించే నాకు ఆ విమర్శ కష్టంగానే ఉన్నా, అందులో సత్యం లేదని అనలేను. కాబట్టి గోష్ఠి నడిపే విద్యార్థి మరొక ఉపన్యాసకుడు కాకూడదు. జవాబు చెప్పడం అతని పని కాదు, ప్రశ్న అడగడం అతని పని. "ఈ మెట్టు ఎందుకు వచ్చింది? నీవు చెప్పు" అని ఒకరిని, "నీవు దీనితో ఏకీభవిస్తావా?" అని మరొకరిని అడగాలి. తేలని చిక్కులను రాసుకుని అధ్యాపకుని వద్దకు తీసుకురావాలి. వారానికొకసారి అధ్యాపకుడు గోష్ఠి నాయకులతో కూర్చుని ఆ చిక్కులను విప్పాలి.

మూడవ ప్రమాదం యాజమాన్యాల వైపు నుండి రావచ్చు. మద్రాసు పద్ధతి ఇంగ్లండులో వ్యాపించినప్పుడు ఒకే ఉపాధ్యాయుడితో వందలాది పిల్లలకు చదువు చెప్పించవచ్చు, ఖర్చు కలిసివస్తుంది అనే లెక్క దానికి తోడైంది. అది సతీర్థ్య భావన కాదు, పొదుపు. అధ్యాపకుల ఖాళీలను నింపకుండా విద్యార్థులతో పాఠాలు చెప్పించే కళాశాల గోష్ఠి పేరిట మోసం చేస్తున్నట్లే. మూడవ పాదం మొదటి పాదానికి తోడుగా నిలవాలి, దాని స్థానాన్ని ఆక్రమించకూడదు.

మరొక్క మాట. క్యాంప్‌బెల్ లెక్కించిన 6,641 మందిలో బాలికలు కేవలం అరవై మంది. ఎంత గొప్ప పద్ధతి అయినా గడప బయట నిలిచిపోయినవారికి ఉపకరించదు. నేడు బాలికలు కళాశాలకు వస్తున్నారు. కాని సాయంత్రం చివరి బస్సు అందుకోవలసిన పిల్ల, ఇంటికి వెళ్లి మగ్గం పనిలో తండ్రికి సాయపడవలసిన పిల్లవాడు, గంట కొట్టిన తరువాత జరిగే గోష్ఠికి ఆగలేరు. అవసరం ఎక్కువగా ఉన్నది వారికే. అందుకే ఈ గోష్ఠులు కళాశాల వేళల్లోనే, టైంటేబుల్‌లో ఒక గంటగా ఉండాలి. వారానికి రెండు గంటలు కేటాయించడం ఏ కళాశాలకూ అసాధ్యం కాదు. తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపించే హిందూపురం వంటి పట్టణంలో ఏ భాషలో చెబితే అర్థమవుతుందో ఆ భాషలో చర్చించుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి.

ఇంత పట్టుపట్టడం ఎందుకని అడగవచ్చు. ఒక్క సబ్జెక్టులో తప్పి, సప్లిమెంటరీలోనూ తప్పి, చదువుకు స్వస్తి చెప్పి బెంగళూరు బండి ఎక్కిన కుర్రవాళ్లను నేను ఎరుగుదును. అదే కారణంతో చదువు ఆగి పెళ్లిపీటలెక్కిన ఆడపిల్లలనూ ఎరుగుదును. వారిలో చాలామందికి తెలివి కొరవడలేదు. సరైన సమయంలో "నేనూ అక్కడే ఆగిపోయాను, రా, కూర్చుందాం" అనే మాట కొరవడింది. ఆ మాట అనడానికి డాక్టరేటు అక్కరలేదు. ఒక్క సంవత్సరం ముందు నడిచి ఉంటే చాలు.

విద్యార్థులారా! ధర్మవరంలో మగ్గం నేర్చుకోవాలనుకునేవాడు మొదట నేసేవాని పక్కన కూర్చుంటాడు. నాడె ఎలా సాగుతున్నదో, తెగిన పోగును ఎలా అతుకుతున్నారో కళ్లతో చూసి చేతులకు ఎక్కించుకుంటాడు. చదువు అంతకంటె భిన్నమైనది కాదు. కళాశాల ఏర్పాటు చేసేదాకా ఎదురుచూడనవసరమూ లేదు. నిరుడు మీకు కొరుకుడుపడని పాఠం ఏదో, ఈ ఏడు మీ కింది తరగతిలో దాని ముందు ఎవరో తల పట్టుకుని కూర్చుని ఉంటారు. వెళ్లి వారి పక్కన కూర్చోండి. మీకు ఏది తెలుసో చెప్పడానికంటె ముందు, మీకు ఏది తెలియక ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. అక్కడి నుండి ఇద్దరికీ చదువు మొదలవుతుంది.