గోంబర్గ్ పటంలో కుట్ర లేదు

1942 ఆరంభంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మారిస్ గోంబర్గ్ అనే ఆయన ఒక ప్రపంచ పటం ప్రచురించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లోకం ఎలా ఉండాలో రంగులు వేసి మరీ చూపించాడు. కెనడా, మెక్సికో, మధ్య అమెరికా దేశాలు, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ అమెరికా రంగులో ఉంటాయి. పసిఫిక్ దాటి వెళ్లి తైవాన్, హైనాన్ దీవులకూ ఆ రంగే పూశాడు. పోలండ్, రుమేనియా, ఫిన్‌లాండ్, ఇరాన్ సోవియట్ యూనియన్‌లోకి పోయాయి. కొరియా, ఇండోచైనా, మలయా చైనాకు దక్కాయి. దక్షిణ అమెరికా ఒకే దేశం, ఆఫ్రికా ఒకే గణతంత్ర సమాఖ్య. జర్మనీ, ఇటలీ, జపాన్ మాత్రం అంటురోగులను వేరే ఉంచినట్టు కట్టడిలో ఉండే దేశాలు. మన భాగానికి అఫ్ఘానిస్థాన్, నేపాల్, భూటాన్, బర్మా కలిపిన భారత సమాఖ్య గణతంత్రాలు. పటం కింద 41 అంశాల ప్రణాళిక, కొత్త నైతిక ప్రపంచ వ్యవస్థ గురించిన ఘనమైన మాటలు. ఎనభై ఏళ్ల తర్వాత ఆ మాటలే దీనికి చేటు తెచ్చాయి. తెరవెనుక పెద్దలు ప్రపంచాన్ని ఎప్పుడో పంచేసుకున్నారని, ఇదే సాక్ష్యమని వాదించేవారికి ఈ పటం ఇప్పుడు పవిత్ర పత్రం.

అది సాక్ష్యం కాదు. గోంబర్గ్ దాన్ని సొంత పేరుతో బహిరంగంగా ప్రచురించాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ప్రతి ఉంది, కావాలంటే ఎవరైనా చూడవచ్చు. రహస్య పథకం వేసేవాళ్లు దానికి రంగులద్ది జనం చేతుల్లో పెట్టరు. అయితే ఈ జవాబుతో కుట్రవాదులు ఊరుకోరు. గోంబర్గ్ చెప్పినవి చాలా జరిగాయి కదా, తూర్పు యూరప్ స్టాలిన్ గుప్పిట్లోకి పోలేదా, ఐస్‌లాండ్‌లో అమెరికా సైన్యం దిగలేదా అని అడుగుతారు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. జవాబు మాత్రం ఆనాటి పత్రికల్లోనే ఉంది. పటం పూర్తయింది 1941 అక్టోబరులో. అప్పటికే, ఏప్రిల్‌లో గ్రీన్‌లాండ్ రక్షణ బాధ్యత అమెరికా తీసుకుంది. జులైలో అమెరికా మెరీన్లు ఐస్‌లాండ్‌లో దిగారు. అంతకు ముందు ఏడాదే 50 పాత యుద్ధ నౌకలు బ్రిటన్‌కు ఇచ్చి కరీబియన్ తీరాల్లో 99 ఏళ్ల లీజుకు స్థావరాలు పుచ్చుకుంది. బాల్టిక్ దేశాలను సోవియట్ 1940లోనే కలిపేసుకుంది. 1941 ఆగస్టులో ఇరాన్ ఉత్తరాన ఎర్ర సైన్యం, దక్షిణాన బ్రిటిష్ సైన్యం ప్రవేశించాయి. గోంబర్గ్ జోస్యం చెప్పలేదు, పత్రికలు చదివి ఆ వార్తలనే మరికాస్త ముందుకు లాగాడు. జర్మన్ సేనలు మాస్కో వైపు దూసుకొస్తున్న నెలలో సగం యూరప్‌ను సోవియట్ ఖాతాలో రాయడం మాత్రం సాహసమే, ఆ మెప్పు ఆయనకు ఇవ్వాలి. కానీ అప్పటికి అమెరికా యుద్ధంలోకే దిగలేదు. అది ఒక పౌరుడి ఆశ, వాషింగ్టన్ ఆదేశం కాదు.

ఇక తప్పినవాటిని ఎవరూ లెక్కపెట్టరు. సోది చెప్పే మనిషి పది మాటలంటే తగిలిన రెండే గుర్తుంటాయి. కెనడా, మెక్సికో ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆఫ్రికాలో ఒక్క దేశం రాకపోగా యాభైకి పైగా వచ్చాయి. బర్మాను, అఫ్ఘానిస్థాన్‌ను కలుపుకోవాల్సిన భారతదేశం తానే రెండు ముక్కలైంది. ఈ పటం అచ్చయిన కొద్ది వారాలకే, 1942 మార్చిలో, బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం ఢిల్లీకి వచ్చింది. చేరడం ఇష్టం లేని రాష్ట్రాలు భారత యూనియన్‌కు బయట ఉండిపోవచ్చన్న సూచన అందులో ఉంది. దేశం చీలుతుందా అన్న తగవు ఇక్కడ ముదురుతుంటే ఫిలడెల్ఫియా పటంలో మనది చెక్కుచెదరని ఒకే ముద్ద. ఆ ముద్దలో మద్రాసు ప్రెసిడెన్సీ, నిజాం రాజ్యం మధ్య విడిపోయి ఉన్న తెలుగువాళ్లు ఎక్కడా కనిపించరు. ఆంధ్రుల ప్రత్యేక రాష్ట్రం మాట 1913లో బాపట్ల మహాసభలోనే లేచింది. అక్కడి నుంచి 1953లో ఆంధ్ర రాష్ట్రానికీ, 1956లో ఆంధ్రప్రదేశ్‌కూ, 2014లో తెలంగాణకూ వచ్చిన దారిలో ఉద్యమాలు, కమిషన్లు, ప్రాణత్యాగాలు ఉన్నాయి. అంత చర్చ జరిగినా తగవులు పూర్తిగా తీరలేదు. అడగకుండా గీసిన గీతల సంగతి చెప్పేదేముంది?

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. గోంబర్గ్‌కు అధికారం లేదు సరే, అధికారం ఉన్నవాళ్లు లోకాన్ని గదిలో కూర్చుని గీయలేదా? గీశారు. 1944 అక్టోబరులో మాస్కోలో చర్చిల్ ఒక కాగితం ముక్క మీద రుమేనియాలో 90 శాతం పలుకుబడి రష్యాకు, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌కు అని రాస్తే స్టాలిన్ సరేనన్నాడు. 1945 ఆగస్టులో ఒక రాత్రి ఇద్దరు అమెరికా కర్నళ్లు అరగంటలో నేషనల్ జియోగ్రాఫిక్ పటం చూసి కొరియాను 38వ అక్షాంశం దగ్గర కోశారు. అంతకు ముందెన్నడూ భారత్‌లో అడుగుపెట్టని బ్రిటిష్ న్యాయవాది రాడ్‌క్లిఫ్ 1947 జులై 8న వచ్చి అయిదు వారాల్లో పంజాబ్, బెంగాల్‌లను చీల్చాడు. ఇవి గోంబర్గ్ ఊహలకన్నా ఎన్నో రెట్లు ఘోరం, ఎందుకంటే వీటి కింద మనుషులు చచ్చారు. కానీ వీటిలో దూరాలోచన ఎక్కడ? అన్నీ తొందరపాటు గీతలే, గీసినవాళ్లు అనుకున్నట్టు నడిచినవీ తక్కువే. యుగోస్లావియాను చర్చిల్ కాగితం చెరి సగం అంది. అక్కడి నేత టిటో బ్రిటన్‌కు దక్కలేదు, 1948లో స్టాలిన్‌తోనూ తెగతెంపులు చేసుకున్నాడు. జపాన్ సైన్యం లొంగుబాటు కోసం తాత్కాలికంగా గీసిన గీతతో మొదలైన కొరియా విభజన ఇప్పటికీ ఉంది.

అందుకే గోంబర్గ్‌కూ, ఆయన పటాన్ని ఊపుతూ తిరిగే కుట్రవాదులకూ మధ్య పెద్ద తేడా నాకు కనిపించదు. పెన్సిల్ పట్టుకున్నవాడు లోకాన్ని నడిపిస్తాడని ఇద్దరి నమ్మకం. ఆయన దాన్ని పుణ్యం అనుకున్నాడు, వీళ్లు పాపం అనుకుంటారు. రెండు కథల్లోనూ ఆ రంగు కింద ఉన్న జనానికి పాత్రే లేదు. బలవంతుల కోరికలు ఉత్తుత్తివని నా వాదన కాదు. గ్రీన్‌లాండ్‌నే చూడండి. 1946లో దాన్ని 10 కోట్ల డాలర్లకు కొంటామని అమెరికా నిజంగానే అడిగింది. దాన్ని పాలిస్తున్న డెన్మార్క్ అమ్మలేదు, 1951 ఒప్పందంతో సైనిక స్థావరాలకు మాత్రం ఒప్పుకుంది. 2019లో ట్రంప్ మళ్లీ కొనుగోలు మాట ఎత్తాడు. అణుబాంబులున్న దేశం, ఎనభై ఏళ్లుగా అక్కడ సైన్యమున్న దేశం కూడా ఆ దీవికి తన రంగు వేయలేకపోయింది. ఈలోగా 2009లో వచ్చిన స్వపాలన చట్టం, స్వాతంత్ర్యం కావాలో వద్దో తేల్చుకునే హక్కు గ్రీన్‌లాండ్ ప్రజలదేనని రాసిపెట్టింది. అక్కడి జనాభా సుమారు 57 వేలు.