పునాది స్వరం: తొలి బేస్ గిటారు కొనబోయే విద్యార్థికి

ఇల్లు చూడవచ్చినవారు గోడల రంగును మెచ్చుకుంటారు, ద్వారబంధాల చెక్కడాన్ని మెచ్చుకుంటారు. పునాదిని మెచ్చుకున్నవారిని నేనింతవరకు చూడలేదు. సంగీతంలో అటువంటి పునాది పని చేసేది బేస్ గిటారు. మన ఉర్దూ విభాగపు మిత్రులు ‘బునియాద్’ అనే మాట ఈ వాద్యానికి అక్షరాలా వర్తిస్తుంది. తెలుగు చెప్పుకునేవానికి గిటారు గొడవ ఎందుకని కమిటీ పెద్దలు చిరునవ్వు నవ్వవచ్చు. ఛందస్సు బోధించేవానికి లయతో ఎంత చుట్టరికమో నాకు దీనితోనూ అంతే. విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉన్న రెండేళ్లూ ఒక మిత్రుని బేస్ గిటారు అరువు పుచ్చుకుని వేళ్లు కాయలు కాచేదాకా సాధన చేసినవాణ్ణి.

అయినా నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది నా ముచ్చట కాదు, ఒక విద్యార్థి కన్నీరు. బి.కాం. రెండవ సంవత్సరం చదివే ఆ అబ్బాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముకు తండ్రి కుట్టుపని సంపాదన కొంత జోడించి, బొమ్మ చూసి, ఐదు తీగల బేస్ గిటారు ఒకటి తెప్పించుకున్నాడు. మెరుగు అద్దంలా ఉన్నది. కాని దండి వంగి ఉన్నది. పైమెట్ల దగ్గర తీగ నొక్కాలంటే వేలు నెత్తురు చిమ్మేటంత ఎత్తు. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. “సార్, నాకు సంగీతం రాదేమో” అన్నాడు ఆ అబ్బాయి. తప్పు వాద్యానిది, నింద మాత్రం తన మీద వేసుకున్నాడు. బీద విద్యార్థికి చెడ్డ వాద్యం చేసే అసలు నష్టం ఇదే. పోయిన డబ్బు ఎప్పటికైనా తిరిగి వస్తుంది. పోయిన ఆత్మవిశ్వాసం అంత సులభంగా రాదు.

ముందుగా ఈ వాద్యం సంగతి తెలుసుకుందాం. తంబురాకు వలెనే దీనికి సాధారణంగా నాలుగు తీగలు. తంబురా ఒకే శ్రుతిని నిలబెడుతుంది. బేస్ గిటారు పాటతోపాటు నడుస్తూ ఇటు లయకు, అటు రాగానికి వంతెన వేస్తుంది. అన్నింటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారు లావు తీగది దానికి రెట్టింపు, అనగా 82. అంత మంద్రమైన నాదాన్ని సెల్‌ఫోనులోని చిన్న స్పీకరు సరిగా పలికించలేదు. అందువల్లనే మన పిల్లలలో చాలామందికి బేస్ అనేది ఒకటున్నదనే తెలియదు. మంచి స్పీకర్ల మీద ఇళయరాజా పాటలను మరొకసారి వినండి. గాత్రం క్రింద మరొక పాట నడుస్తున్నట్లు వినవస్తుంది.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ‘ప్రెసిషన్ బేస్’ను వెలువరించాడు. అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్‌కు మెట్లు లేవు. స్వరస్థానాన్ని చెవితో వెదుక్కోవలసి వచ్చేది. మెట్లు అమర్చడంతో స్వరం కచ్చితంగా పలికింది. ఆ కచ్చితత్వమే దాని పేరయింది. ఆ 1962 నాటి ప్రెసిషన్ బేస్ ఒకదానిని చేతబట్టి జేమ్స్ జేమర్సన్ అనే నీగ్రో జాతి కళాకారుడు, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే, డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు ప్రాణం పోశాడు. ఏళ్ల తరబడి ఆయన పేరు రికార్డుల అట్టల మీద ఉండేది కాదు. పునాది గతి అంతే కదా!

ఇక చవక మాట. బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గులో ఫెండర్ కొనే స్తోమత లేక, సుమారు 30 పౌన్లకు హాఫ్‌నర్ బేస్ ఒకటి కొన్నాడు. ఆయనది ఎడమచేతి వాటం. రెండు ప్రక్కలా ఒకే తీరున ఉండే ఆ వాద్యం తిరగేసి పట్టినా ఎబ్బెట్టుగా కనిపించలేదు. అది 1972లో దొంగల పాలై, అర్ధశతాబ్ది దాటాక మళ్లీ ఆయన చేరింది. ఆ వార్త 2024లో లోకానికి తెలిసింది. చవకగా కొన్నా తన చేతికి తగినదాన్ని ఎంచుకున్నాడు. మనం గ్రహించవలసినది అదే.

కనుక నా సలహాలు ఇవి. మొదటిది నాలుగు తీగలదే కొనండి. ఐదవ తీగ అవసరం తర్వాత తెలుస్తుంది. సాధారణంగా తీగ పలికే నిడివి 34 అంగుళాలు ఉంటుంది. చేతులు చిన్నవైనవారికి 30 అంగుళాలది హాయి. అది చిన్నతనమేమీ కాదు, మెకార్ట్నీ హాఫ్‌నర్ ఆ కొలతకు దగ్గరిదే. లోపల బ్యాటరీ అక్కరలేని రకం చాలు. యమహా, ఐబనీజ్, ఫెండర్ వారి తక్కువ ధర శాఖ అయిన స్క్వయర్ వంటి పేర్లలో విద్యార్థులకు తగిన రకాలున్నాయి. అయితే పేరును కాక చేతిలోని వాద్యాన్ని పరీక్షించాలి.

తీగను మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, చివరి మెట్టు దగ్గర మరొక చేత్తో నొక్కి చూడండి. నడిమి మెట్లకు, తీగకు మధ్య దళసరి కాగితం పట్టేంత సందు ఉంటే దండి సరిగా ఉన్నట్లు. ప్రతి తీగను ప్రతి మెట్టు మీద మీటి, గరగర వినవస్తుందేమో గమనించండి. పన్నెండవ మెట్టు మీద వేలు తేలికగా ఆనించి మీటినప్పటి స్వరం, గట్టిగా నొక్కి మీటినప్పటి స్వరం ఒకటిగా ఉండాలి. బిరడలు త్రిప్పిన చోట నిలవాలి. భుజానికి తగిలించుకుని పది నిమిషాలు నిలబడండి. బరువు ఓర్వలేకపోతే ఇంకొకటి చూడండి. తెలిసినవారిని వెంట తీసుకుపోతే వాడిన వాద్యమైనా నిర్భయంగా కొనవచ్చు.

చేతిలోని సొమ్మంతా గిటారుకే పెట్టకండి. నాలుగవ వంతయినా వేరుగా ఉంచండి. వారు, పట్టీ, చిన్న ఆంప్లిఫయరు, పనివాని చేత ఒకసారి తీగల ఎత్తు సరిచేయించడం, ఇవన్నీ ఖర్చులే. ఇంట్లో సాధనకు చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లతో పనిచేసే చిన్న సాధనం చాలు. ఇరుగుపొరుగు నిద్ర చెడదు. మామూలు గిటారు ఆంప్లిఫయరుకు బేస్ తగిలించి గట్టిగా మ్రోగిస్తే దాని స్పీకరు పాడయ్యే ప్రమాదముంది. అప్పు చేసి మాత్రం కొనవద్దు. వాయిదాల భారం మోసే చేయి తీగ మీద తేలికగా ఆడదు.

“ఫీజులకే కటకటలాడే పిల్లలకు ఈ వేడుకలేమిటి?” అని ఒక ప్రశ్న రావచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కొందరికి ఈ కోరిక ఆరునెలల ముచ్చటగానే మిగిలిపోతుందన్నది కూడా నిజమే. అందుకే నా విన్నపం విద్యార్థులకు కాక కమిటీ వారికి. ప్రయోగశాలలో ప్రతి విద్యార్థి సొంత సూక్ష్మదర్శిని కొనుక్కోవాలని మనం కోరడం లేదు కదా! అట్లే ఒక నాలుగు తీగల బేస్ గిటారును, ఒక చిన్న ఆంప్లిఫయరును కళాశాల సాంస్కృతిక సంఘం పేర కొనండి. గ్రంథాలయ పుస్తకం వలె సంతకం పెట్టించుకుని ఇవ్వండి. ఒక టర్ము సాధన చేసిన పిమ్మట ఎవనికి నిజమైన తృష్ణ ఉన్నదో వానికే తెలుస్తుంది. అప్పుడు కొనేవాడు బొమ్మ చూసి కొనడు, చేతితో చూసి కొంటాడు. తండ్రి కష్టార్జితం గోడకు వ్రేలాడదు.

పైన చెప్పిన అబ్బాయి గిటారును నేను, ఒక పనివాడు కలిసి కొంతవరకు బాగుచేయించాము. దండి పూర్తిగా తిన్నబడలేదు. మొదటి ఐదు మెట్లు మాత్రం పలుకుతున్నాయి. ఆ ఐదు మెట్లతోనే అతడు ఇప్పుడు మూడు పాటలకు ఆధారస్వరం వాయిస్తున్నాడు. “సంగీతం రాదేమో” అన్న మాట మళ్లీ అతని నోట వినలేదు. అతని తరువాత వచ్చేవారికైనా మెట్లన్నీ పలికే వాద్యం ఒకటి ఈ కళాశాలలో ఉండాలని నా కోరిక.