మాటామంతీ: వంటింటి బండ

ఎటోబికోలో మనవాళ్ళ ఇంటికి భోజనానికి వెళితే ముందుగా చూపించేది వంటిల్లు. మొన్న మేమూ మా వంటిల్లు బాగుచేయించాం. నల్లని గ్రానైటు బండ, దాని మీద బంగారు రజను చల్లినట్టు మెరుపులు. పేరు బ్లాక్ గెలాక్సీ. ఎక్కడిదని అడిగితే కొట్టాయన "ఇండియా" అన్నాడు. ఇండియాలో ఎక్కడంటే తెలియదన్నాడు. మాకు నవ్వొచ్చింది. ఆ రాయి ఒంగోలు దగ్గరి చీమకుర్తిది! ఇంత దూరం వచ్చి, మన రాయి మీదే ఉల్లిపాయలు తరుగుతున్నామన్నమాట.

తర్వాత ఆలోచనలో పడ్డాం. ఆ రాయి తీసినవాడికి కూలి ఎంత? ముక్కుకి అడ్డం ఏమైనా ఉందా? రాతి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. వస్తే నయం కాదు. ఈ సంగతులకు కట్టుబాట్లు పెట్టేది ఎవరు?

మన దేశంలో చట్టాలు లేక కాదు. గనుల చట్టం 1952లోనే వచ్చింది. పని చేయించే వయసుపై ఐ.ఎల్.ఓ. ఒడంబడికలను ఇండియా 2017లో ఆమోదించింది. ఆ ఏడాదే హాలండు స్వచ్ఛంద సంస్థలు తెలంగాణ, ఆంధ్రతో సహా దక్షిణాది క్వారీలను పరిశీలించి, అప్పుల్లో చిక్కుకున్న వలస కూలీల గురించి, చెత్తరాయి పనిలో ఉన్న పిల్లల గురించి రాశాయి. 2019లో హాలండు, ఫ్లాండర్స్ ప్రభుత్వాలు, రాళ్ళ వ్యాపారులు, కార్మిక సంఘాలు కలిసి ట్రూస్టోన్ ఒప్పందం చేసుకున్నాయి. మంచిదే. కానీ రాయి తీసేది ఒకచోట, నియమాలు రాసేది మరొకచోట.

మన కెనడాలోనూ 2024 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. పెద్ద కంపెనీలు తమ సరుకులో వెట్టిచాకిరి, బాలకార్మికం రాకుండా ఏం చేశాయో ఏటా నివేదిక ఇవ్వాలి. ఏమీ చేయలేదని రాసినా నివేదికే! మన వీధి చివరి బండల కొట్టు అంత పెద్దది కాదు గనుక, దానికి ఆ బాధ్యతా లేదు.

ఇక మిగిలింది కొనేవాళ్ళం. మేము రంగు చూశాం, బేరం ఆడాం, డబ్బు కట్టాం; క్వారీ సంగతి అడిగింది ఆ తర్వాత. మీరు ముందే అడగండి. ఒక్కరు అడిగితే తెలియదంటాడు. పదిమంది అడిగితే, తనకు రాయి అమ్మినవాణ్ణి తానే అడుగుతాడు.

ఎప్పుడైనా మా ఇంటికి రండి, కాఫీ తాగుదాం. బండ చూపిస్తాం, ఈసారి ఊరి పేరుతో సహా.