చల్లబరచడం నేర్చుకుందాం, కానీ ఎవరి మీటరు మీద?

పోస్టు జెర పెద్దగుంది, తీరిక దొరికినప్పుడు చదవండి.

ఎండలు ముదిరితే మాకు ఫోన్లు మొదలైతయి. "అన్నా, గ్రాఫిక్స్ కార్డు 88 డిగ్రీలు చూపిస్తుంది, ఏం చేయాలి?" "మైనింగ్ పెడదామనుకుంటున్నం, ఎన్ని వాట్లు తింటది?" పోయిన వేసవిలో మేం పానగల్‌లో మైనింగ్ పెట్టినమని చాలామందికి తెలుసు. అది ఎట్ల ముగిసిందో తెలిసిన వాళ్లు మాత్రం తక్కువ. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాం.

మేం ఐదుగురం. నల్గొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. దేవరకొండ, చందంపేట వైపు తండాల వాళ్లం. ఐదిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్‌లో మిగిలినవి, సెలవుల్లో పత్తి ఏరిన కూలి, ఒకరి మామ ఇచ్చిన ఐదు వేలు కలిపితే 24,000 అయినయి. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర మూడు పాత ఆర్‌ఎక్స్ 580 కార్డులు, ఒక పాత మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ కొన్నాం. మా సీనియర్ అన్న ఒకాయన పానగల్‌లో కిరాయికి ఉంటడు. ఆ రూంలో పెట్టినం. ముందు గదుల్లో ఇంటి ఓనరవ్వ ఒక్కతే ఉంటది. రెండింటికీ ఒకటే మీటరు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

పాత కార్డులు అంత సస్తాగా ఎందుకు దొరికినయో అప్పుడు మేం అడగలేదు. బిట్‌కాయిన్ తవ్వడం గ్రాఫిక్స్ కార్డుల చేతుల్లోంచి ఎప్పుడో పోయింది, దానికి వేరే యంత్రాలొచ్చినయి. కార్డులతో నాలుగు రాళ్లు వచ్చింది ఎక్కువగా ఈథీరియం మీద. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం తన పద్ధతే మార్చుకుంది, మైనింగ్ అవసరం లేకుండా చేసుకుంది. ఆ రోజు నుంచి ప్రపంచమంతా మైనర్లు కార్డులు అమ్ముకున్నరు. మన చేతికొచ్చినవి అట్లాంటివే, సంవత్సరాల తరబడి రాత్రింబవళ్లు కాలిన కార్డులు. జాతర అయిపోయినంక దుకాణం పెట్టినట్టు అయ్యింది మా పని. మిగిలిన చిన్న కాయిన్లలో ఈథీరియం క్లాసిక్ ఎంచుకున్నాం.

ఇక వేడి సంగతి. మొదటి రోజే కార్డులు 86, 88కి ఎక్కినయి. 90 దగ్గరికొస్తే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటది. ఫ్యాన్లు ఫుల్లు పెట్టినం, లారీ ఎక్కుతున్నట్టు సప్పుడు తప్ప పెద్ద తేడా రాలేదు. తర్వాత అర్థమైంది. ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు, రూంలో ఉన్న గాలినే కార్డు మీదికి తోస్తది. రూం గాలి కంటే కార్డు 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకోండి. గాలి 27 ఉన్న ఏసీ రూంలో అది 72. రేకుల కింద 42 ఉన్న మన రూంలో అదే కార్డు 87. యూట్యూబ్‌లో అమెరికా పిలగాడు చూపించే సెట్టింగు మనకు ఎందుకు పనికిరాదో ఇక్కడే ఉంది జవాబు. మేలో 45 దాటే జిల్లా మనది.

ఇంకోటి. కార్డు తీసుకునే కరెంటంతా చివరికి వేడి కిందే మారుతుంది. 500 వాట్లు మీటరు దాటి లోపలికొస్తే ఆ 500 వాట్ల సెగ రూంలోనే ఉంటది. ఇస్త్రీపెట్టెను సగం వేడి మీద పెట్టి రాత్రి పగలు వదిలేసినట్టు. కిటికీ తెరిచి, వేడి బయటికి పోయేట్టు టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ వైపు తిప్పి పెడితే మూడు, నాలుగు డిగ్రీలు తగ్గింది. కార్డులు విప్పి దుమ్ము దులిపి, ఎండిపోయి సుద్దలా రాలుతున్న థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూస్తే ఇంకో ఏడెనిమిది. పాత మైనింగ్ కార్డు కొన్న వాళ్లు వేరే ఏదీ చేయకపోయినా ఈ పేస్ట్ పని చేయండి.

అన్నిటికంటే పెద్ద తేడా ఓల్టేజీతో వచ్చింది. తండాలో ఓల్టేజీ అంటే మనకు ఒకటే తెలుసు: లో ఓల్టేజీ వస్తే బోరు మోటరు కాలుతది, నాయిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఉరుకుతడు. కార్డు లోపల చిప్‌కు అందే ఓల్టేజీ వేరు. అది ఒక్క ఓల్టు చుట్టుపక్కలే ఉంటది, అక్కడ తగ్గించడం మంచిది. ఇంటర్మీడియట్ ఫిజిక్సే ఇది. చిప్ తినే పవర్ ఓల్టేజీ వర్గాన్ని బట్టి, వేగాన్ని బట్టి మారుతది. మా కార్డులు 1.15 ఓల్టుల మీద నడుస్తుండె. 0.9కి దించినం. 0.9 వర్గాన్ని 1.15 వర్గంతో భాగిస్తే సుమారు 0.61. అంటే వేగం ముట్టుకోకుండానే చిప్ పవర్ దాదాపు నలభై శాతం తగ్గినట్టు. వేగం కూడా 1340 మెగాహెర్ట్జ్ నుంచి 1150కి దించితే సగం దగ్గరికొస్తది. ఈ మైనింగ్ లెక్కకు మెమరీ వేగం ముఖ్యం, చిప్ వేగం అంత కాదు. అందుకని మెమరీని కదిలించలేదు, కాయిన్ లెక్క తగ్గలేదు, కార్డు మాత్రం 70 దగ్గర నిలబడ్డది.

ఒక్కసారే దించకండి. 25 మిల్లీఓల్టులు దించి అరగంట నడపండి, తప్పు లెక్కలు రాకపోతే ఇంకో 25. స్క్రీన్ ఆగిపోతే ఒక మెట్టు పైకి. ఏఎండీ కార్డుకు దాని సాఫ్ట్‌వేర్‌లోనే ట్యూనింగ్ పేజీ ఉంటది. ఎన్విడియా కార్డయితే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ గీతను 70 శాతానికి జరపడం చాలు మొదలుపెట్టే వాళ్లకు.

వైర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మేం బతికిపోయినం. కార్డును బోర్డుకు కలిపే రైజర్‌కు సాటా వైరు నుంచి కరెంటిచ్చినం. ఆ సాటా కనెక్టరు మోయగలిగేది 54 వాట్లు. కార్డు స్లాటు నుంచి 75 దాకా లాగొచ్చు. నాలుగో రాత్రి ప్లాస్టిక్ కాలిన వాసన, కనెక్టరు మెత్తబడి వంగింది. పక్కనే పరుపు. అవ్వ ముందు గదిలో నిద్రపోతుంది. ఆ రాత్రి మాలో ఎవరం పడుకోలేదు.

కార్డు ఎన్ని వాట్లు తింటుందో సాఫ్ట్‌వేర్ చెప్పేది నమ్మొద్దు. ఆర్‌ఎక్స్ 580లాంటివి చిప్ లెక్కే చూపిస్తయి, కార్డు మొత్తం లెక్క కాదు. ఇంటి మీటరును అడగండి. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది కదా, దాని పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లో రాసి ఉంటది. 3200 అని ఉందనుకోండి. మిగతావన్నీ బంద్ చేసి ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. మాకు మొదట 133 సార్లు వచ్చింది, అంటే 500 వాట్లు. సెట్టింగులు మార్చినంక 93, అంటే 350. మా డిగ్రీలో ఏ ప్రాక్టికల్‌కూ మేం ఇంత సంబురపడలేదు.

ఆ సంబురం బిల్లు తీసేటాయన వచ్చేదాకే. 500 వాట్లంటే రోజుకు 12 యూనిట్లు, 350 అంటే 8.4. మొదటి పది రోజులు 120, తర్వాత ఇరవై ఒక్క రోజులు 176. మొత్తం 296 యూనిట్లు. అవ్వ వాడుకున్నవి 84. కలిపితే 380.

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లలోపు వాడిన పేదిళ్లకు జీరో బిల్లు వస్తుంది. 200 దాటితే దాటినవాటికే కాదు, ఆ నెలది మొత్తం కట్టాలి. పైగా 200 దాటంగనే స్లాబే మారిపోతది: మొదటి 200కు యూనిట్‌కు 5.10, తర్వాతి వందకు 7.70, ఆ పైన వందకు 9 రూపాయలు. 1,020, 770, 720. కలిపి 2,510, మిగతా చార్జీలు కాక. నెలంతా మూడు కార్డులు తవ్వింది మాకు 700 రూపాయల దగ్గర.

అవ్వ ఆ కాగితం పట్టుకొని మా దగ్గరికొచ్చింది. "కొడుకా, నాకు సున్నా వస్తుండె గదా, ఇదేంది?" అని అడిగింది. తిట్టలేదు. తన ఫ్యానే ఎక్కువ తిరిగిందేమోనని ఆమె మధ్యాహ్నం పూట ఫ్యాన్ బంద్ చేసుకుంటుందని అప్పుడే తెలిసింది మాకు. ఏప్రిల్ నెల అది. లోపలి గదిలో మూడు కార్డులకు ఏడు ఫ్యాన్లు పెట్టి మేం చల్లబరుస్తున్నం.

బిల్లు మేమే కట్టినం. కానీ ఆ ఫ్యాన్ సంగతి కట్టి తీర్చేది కాదు.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. వేడి, ఓల్టేజీ, పవర్ ఈ మూడూ నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. కానీ వాటితో మన ఇండ్లల్ల మైనింగ్ లాభం తేలదు. ఎంత బాగా తగ్గించినా మా మూడు కార్డులు నెలకు 252 యూనిట్లు తినేవి, అవ్వ ఒక్క బల్బు వేసుకోకున్నా 200 దాటేది. ఒక్క కార్డే నడిపితే 115 యూనిట్లు. అవ్వవి కలిపినా 200 లోపే ఉంటది, జీరో బిల్లే వస్తది, పట్టుబడం. ఈ లెక్క మేమూ వేసినం, దాచుకోవడం ఎందుకు. ఇంట్లో ఫ్యాను, బల్బు ఆగొద్దని ఇచ్చిన యూనిట్లను మనం కాయిన్ కింద మార్చుకుంటే దాన్నేమంటారో మీరే చెప్పండి.

హాస్టల్ రూంలో పెడదాం అనే తమ్ముళ్లకు కూడా ఇదే మాట. "సర్కారు కరెంటే కదా" అని మాలోనే ఒకరన్నరు మొదట్ల. హాస్టల్ వైరింగ్ మీరు రోజూ చూస్తున్నదే. నలభై మంది పడుకునే చోట ఆ సాటా కనెక్టరు వాసన వచ్చి ఉంటే అన్న ఆలోచన మాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడిపిస్తది. ఇక సర్కారు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలియనిది కాదు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటు, 800 మెగావాట్లవి ఐదు, మొత్తం 4,000. దానికి భూములిచ్చిన వాళ్లలో మన తండాల వాళ్లు ఉన్నరు. సాయంత్రం మేం కూర్చునే పానగల్ ఉదయసముద్రం చెరువులో కృష్ణా నీళ్లు కూడా కరెంటు మోటార్లు ఎత్తిపోస్తేనే వచ్చినయి, నల్గొండ తాగేది అవే. ఉత్తగ వచ్చిన కరెంటు అనేది ఏదీ లేదు.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. మైనింగ్ సామాను మీద పెట్టిన ఖర్చును లాభంలోంచి తీసెయ్యనివ్వమని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. పేపరు మీద నష్టపోయినోడికి కూడా పన్ను పడొచ్చు.

"మనకెందుకీ టెక్నాలజీ" అని మేం అనడం లేదు. ఆ మాట మనల్ని చూసి అనే వాళ్లు వేరే ఉన్నరు, వాళ్లతో మేం కలవం. లెక్క తెలిసినోడే మోసపోకుండా ఉంటడు. బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రాల్లో 57,000 పెడితే మూడు నెలలు రోజుకు 4,000 ఇస్తమని హెచ్‌పీజెడ్ టోకెన్ అనే యాప్ జనాన్ని నమ్మించిందని ఈడీ కేసు పెట్టింది. ఒక్క కార్డు రోజుకు ఎంత తవ్వుతుందో, ఎన్ని యూనిట్లు తింటుందో చేత్తో లెక్కపెట్టినోడు ఆ మాట వింటే నవ్వుతడు. మా 24,000 ఈ చదువుకే పోయిందనుకుంటే మనసు కొంచెం కుదుటపడుతది. కొంచెమే. మామకు ఐదు వేలు ఇంకా బాకీ ఉన్నం.

రెండు కార్డులు అమ్మేసినం, కొన్న ధరలో సగం వచ్చింది. కొన్నాయనకు మైనింగ్ కార్డులని చెప్పే అమ్మినం. మూడోది ఉంది. అదే 0.9 ఓల్టుల మీద, తీజ్ పండుగకు తండాలో తీసిన పాటల వీడియోలు ఎడిటింగ్ చేస్తున్నం దాని మీద. రోజుకు రెండు గంటలు, యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు. అన్న కిరాయితో పాటు కరెంటుకని నెలకు ఇంత అని అవ్వ చేతిలో పెడుతున్నడు, ఆమె వద్దంటున్నా.

లాప్‌టాప్ గాని, పాత కార్డు గాని కాలిపోతున్నట్టు వేడెక్కుతుంటే ఆదివారం పానగల్ రండి. థర్మల్ పేస్ట్ ట్యూబు సగం మిగిలి ఉంది, బ్రష్షు ఉంది, స్క్రూడ్రైవర్లు ఉన్నయి. పొద్దున పది లోపే రండి, తర్వాత రేకుల కింద కూర్చోలేం.