సంక్షేమ దర్శిని: ఖాళీగా మిగిలిన గడి

‘‘నాకు ఎవరూ లేరండీ, ఎవరి పేరు రాయమంటారు?’’ అంటూ నామినేషన్ పత్రాన్ని అలాగే తిరిగి ఇచ్చివేసే సహోద్యోగులు ప్రతి యూనిట్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. వారిలో అవివాహితులు ఉన్నారు, సంతానం లేక జీవిత భాగస్వామిని కోల్పోయినవారు ఉన్నారు, తల్లిదండ్రులు గతించి ఒంటరిగా మిగిలినవారు ఉన్నారు. మరికొందరికి ఆ ప్రస్తావనే అమంగళం. తథాస్తు దేవతలు వింటారని భయం. ఇన్సూరెన్సు ప్రీమియం కట్టేటప్పుడు లేని ఆ భయం ఈ ఒక్క గడి దగ్గరే ఎందుకు కలుగుతుందో మాకు తెలియదు. ఈ మాసం వారి సంగతే విచారిద్దాం.

నిజానికి చట్టం ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చినది ఇటువంటి వారికే. 1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి పథకం ఏర్పరచిన నియమం ప్రకారం, కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యులనే నామినీలుగా పేర్కొనాలి. బయటివారి పేరు రాస్తే చెల్లదు. భార్య ఉండగా చెల్లెలి పేరు రాసినా చెల్లదు, ఎందుకంటే పథకం చెప్పే కుటుంబంలో తోబుట్టువులకు చోటు లేదు. కుటుంబం లేనివారు మాత్రం తమకు ఇష్టమైన ఏ వ్యక్తి పేరైనా రాయవచ్చు. వాటాలు నిర్ణయించి పలువురి పేర్లు కూడా రాయవచ్చు. అక్క కూతురు కావచ్చు, పెంచిన పిన్నమ్మ కావచ్చు, కష్టంలో తోడు నిలిచిన మిత్రుడు కావచ్చు. గ్రాట్యుటీకి 1972 నాటి చట్టం ఇటువంటి నియమాన్నే పెట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి దానిని కొనసాగించింది.

అయితే ‘ఎవరూ లేరు’ అన్న మాటకు లోకంలో ఒక అర్థం, పథకంలో ఒక అర్థం. పెళ్ళి కాని ఉద్యోగికి తనపై ఆధారపడిన తల్లి ఉంటే, భవిష్యనిధి దృష్టిలో అతనికి కుటుంబం ఉన్నట్లే. ఆ తల్లిని కాదని స్నేహితుని పేరు రాస్తే అది నిలవదు. తల్లిదండ్రులు స్వంత ఆదాయంతో జీవిస్తూ కుమారునిపై ఆధారపడకపోతే సంగతి వేరు. ఆధారపడటం అన్నది ఇక్కడ కీలకమైన మాట.

పెన్షన్ లెక్క మరొక తీరు. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకంలో కుటుంబమంటే జీవిత భాగస్వామి, బిడ్డలు మాత్రమే. చట్టబద్ధంగా దత్తత తీసుకున్న బిడ్డలూ ఇందులోకి వస్తారు. తల్లిదండ్రులు రారు. కనుక భార్యగాని భర్తగాని, అర్హతగల బిడ్డలుగాని లేని సభ్యుడు తనకు నచ్చిన ఒక వ్యక్తిని నామినీగా పేర్కొనవచ్చు. సభ్యుడు మరణిస్తే, వితంతు పెన్షన్‌కు సమానమైన మొత్తం ఆ వ్యక్తికి నెలనెలా అందుతుంది. ఏ పేరూ రాయకుండా మరణిస్తే ఆధారపడిన తండ్రికి, ఆయన తదనంతరం ఆధారపడిన తల్లికి ఆ పెన్షన్ చెల్లుతుంది. వారు కూడా లేకపోతే, ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద కలిసి బ్రతికిన తోబుట్టువుకైనా నామినేషన్ లేనిదే అడిగే హక్కు లేదు. భవిష్యనిధి సొమ్ము ఆలస్యంగానైనా చట్టబద్ధ వారసులెవరికో చేరుతుంది. పెన్షన్‌కు ఆ దారి లేదు. ఈ భేదం తెలియక రెండో ‘ఫారం’లో మొదటి భాగాన్ని మాత్రమే నింపి, పెన్షన్‌కు సంబంధించిన రెండో భాగాన్ని వదిలివేసేవారు ఉన్నారు. (2014 సెప్టెంబరు 1 తరువాత 15,000 రూపాయలకు మించిన వేతనంతో కొత్తగా చేరినవారు ఈ పెన్షన్ పథకంలో సభ్యులు కారు గనుక వారికి రెండో భాగంతో పని లేదు.)

ఉద్యోగంలో ఉండగా మరణించినవారికి డిపాజిట్ లింక్డ్ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు వచ్చే ఏర్పాటు 2021 నుంచి ఉన్నది. దానికి వేరే నామినేషన్ అక్కరలేదు. భవిష్యనిధి నామినీకే అది చేరుతుంది.

ఇక మహిళా ఉద్యోగులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మరణించిన స్త్రీకి భర్త, సంతానం లేకపోతే, ఆమె స్వార్జితం ముందుగా భర్త వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తరువాతనే. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తికి మాత్రమే వేరే నియమం. ఇది పుస్తకాలలో నిద్రించే సూత్రం కాదు. 1955లో వివాహమై మూడు నెలల్లోనే భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీని అత్తింటివారు వెళ్ళగొట్టారు. పుట్టింటివారు చేరదీసి చదివించారు. ఆమె ఉద్యోగం చేసి, బ్యాంకులోను భవిష్యనిధిలోను చెప్పుకోదగిన మొత్తం కూడబెట్టి, 1996లో వీలునామా రాయకుండా మరణించింది. తల్లి వారసత్వ ధ్రువపత్రం కోరింది. భర్త సోదరి కుమారులు పోటీకి వచ్చారు. 2009లో సర్వోన్నత న్యాయస్థానం, సానుభూతి వేరు, చట్టం వేరని చెప్పి ఆ మేనల్లుళ్ళ పక్షానే తీర్పు ఇచ్చింది. చట్టం అలా ఉన్నంతకాలం న్యాయమూర్తులు చేయగలిగినది కూడా స్వల్పమే. ఆమె ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఆ తల్లి కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చేది కాదని మాకు అనిపిస్తుంది.

నామినేషన్ ఉంటే చాలదా అని మీరు అడగవచ్చు. సొమ్ము పుచ్చుకొని రసీదు ఇచ్చే అధికారం నామినీది. ఆ సొమ్ము అంతిమంగా ఎవరిదన్నది వారసత్వ చట్టం నిర్ణయించే ప్రశ్న అని జీవిత బీమా విషయంలో 1984లోనే సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. బీమా వరకు 2015 సవరణ తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, బిడ్డలు నామినీలైనప్పుడు వారికి సొమ్ముపై స్వంత హక్కు కల్పించింది. స్నేహితుడో మేనకోడలో నామినీ అయినప్పుడు ఆ రక్షణ లేదు. కాబట్టి ఒంటరివారికి మా సలహా: నామినేషన్‌లో ఎవరి పేరు ఉన్నదో వీలునామాలోనూ ఆ పేరే ఉండనివ్వండి. వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. లబ్ధి పొందేవారిని సాక్షిగా పెట్టకండి. ముస్లిం సోదరులు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామాలో రాయజాలరు గనుక, ముందుగా తెలిసినవారిని సంప్రదించడం మేలు.

ఒకసారి పేరు రాశాక పని అయిపోయిందనుకోవడానికి లేదు. నలభై అయిదో ఏట పెళ్ళి చేసుకున్నా, ఒంటరిగా ఉన్నప్పుడు మిత్రుని పేర రాసిన నామినేషన్ ఆనాటితో రద్దయిపోతుంది, కొత్తది రాయాలి. నామినీ మీకంటె ముందు మరణిస్తే ఆ వాటా తిరిగి మీకే చెందుతుంది, అప్పుడూ కొత్త పేరు రాయాలి. నామినీ మైనరైతే సంరక్షకుని పేరు కూడా చేర్చాలి. పత్రంలో ‘చిన్నక్క’, ‘బుజ్జి’ వంటి ముద్దుపేర్లు వద్దు. ఆధార్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. భవిష్యనిధి సభ్యుల పోర్టల్‌లో ఇంటి నుంచే ఈ-నామినేషన్ చేయవచ్చు. కుటుంబం ఉన్నదా అన్న ప్రశ్నకు లేదని జవాబిస్తేనే బయటివారి పేరు చేర్చే వీలు కలుగుతుంది.

ఎవరి పేరు రాశారో ఆ వ్యక్తికి ఒక మాట చెప్పి ఉంచండి. మీ ఖాతా సంఖ్య, వీలునామా ఉన్న చోటు కూడా వారికి తెలియాలి. గ్రాట్యుటీ నామినేషన్ కాగితం మాత్రం మన పర్సనల్ విభాగంలోనే ఇవ్వాలి. రెండో ప్రతిపై అందినట్లు సంతకం చేయించుకొని ఇంట్లో భద్రపరచుకోండి.